పెళ్లి డీవీడీలు, పాత టీవీ, ఒక చిన్న బోర్డు: నల్లగొండ ఇంట్లో మీడియా ప్లేయర్ డైరీ

ఏప్రిల్ 12, శనివారం

నల్లగొండ రామగిరిలోని మా ఇంటి ముందు గదిలో 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ ఉంది. తెర ఇప్పటికీ చక్కగానే పనిచేస్తున్నా, అందులోని యాప్‌లకు కొత్త వెర్షన్లు రావడం ఆగిపోయి చాలా కాలమైంది. పెన్‌డ్రైవ్ పెడితే కొన్ని ఫైళ్లను గుర్తించదు, మరికొన్నింటికి బొమ్మ వస్తుంది కాని శబ్దం రాదు. మరోవైపు బీరువాలో డీవీడీల కట్ట ఒకటి పడి ఉంది. 1990లలో వీహెచ్‌ఎస్ క్యాసెట్ల మీద తీయించిన పెళ్లిళ్లు, చెర్వుగట్టు జాతర, సద్దుల బతుకమ్మ, గేట్లు ఎత్తినప్పుడు సాగర్‌కు వెళ్లిన ప్రయాణం, ఇవన్నీ తరువాతి కాలంలో ఒక ఫొటో స్టూడియోలో డీవీడీలకు ఎక్కించి పెట్టుకున్నవే. వాటిని ఆడించే ప్లేయర్ ఏనాడో మూలపడింది. ఈ డీవీడీలను, ఫోన్లలో పోగుపడిన వీడియోలను, కొన్ని పాత సినిమాలను ఒక్కచోట చేర్చి, నాయన చేతిలో ఇప్పటికే ఉన్న టీవీ రిమోట్‌తోనే నడిచేలా చేయాలన్నది ఈ పని ఉద్దేశం. ఇంకో రిమోటో, కీబోర్డో పట్టుకోవలసి వస్తే ఆ పెట్టె వారం తిరగకుండానే అటకెక్కుతుంది.

ఇందుకు ఎంచుకున్నది 2 జీబీ మెమరీ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు. 2023లో వచ్చిన పై 5 దీనికంటే ఎంతో వేగవంతమైనదే అయినా, అది పూర్తి శక్తితో పనిచేయాలంటే 5 ఆంపియర్ల అడాప్టర్, వేడి తగ్గించడానికి ఫ్యాను కావాలి; పైగా వీడియోను కుదించి దాచే పద్ధతులలో ఒకటైన హెచ్.264ను విప్పే ప్రత్యేక హార్డ్‌వేర్‌ను అందులో తీసేశారు, ఆ పనంతా ప్రాసెసరే చేసుకోవాలి. 2019లో వచ్చిన పై 4లో హెచ్.264కు 1080 వరుసల దాకా, దాని తరువాత వచ్చిన హెచ్‌ఈవీసీ పద్ధతికి 4కె దాకా హార్డ్‌వేర్ సాయం ఉంది. మా టీవీయే ఫుల్ హెచ్‌డీ కాబట్టి అంతకు మించినది మా గదిలో ఎవరికీ కనిపించదు. మెమరీ విషయంలోనూ అంతే. 8 జీబీ బోర్డు కొంటే సినిమా ఇంకా బాగా కనిపిస్తుందనుకునేవారు చాలామంది ఉన్నారు; వీడియో ఆడించడానికి 2 జీబీ ధారాళంగా సరిపోతుంది. మిగిలిన డబ్బును అడాప్టర్ మీద, మెమరీ కార్డు మీద పెట్టడం మేలు.

బోర్డు, మైక్రో హెచ్‌డీఎంఐ తీగ, 32 జీబీ కార్డు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరికాయి.

ఏప్రిల్ 13, ఆదివారం

ఈ రోజంతా కరెంటు లెక్కలతోనే గడిచింది. బోర్డుకు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టర్ కావాలి. ఇంట్లో ఇన్ని ఫోన్ ఛార్జర్లు ఉండగా మళ్లీ కొనడం ఎందుకని బావ అడిగాడు. ప్రశ్న సబబైనదే కాబట్టి మల్టీమీటరు పెట్టి కొలిచి చూశాను. ఫాస్ట్ ఛార్జర్ల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండే 9 వోల్టుల లెక్క, ఫోను అడిగినప్పుడు మాత్రమే వచ్చేది. పై 4 అలా అడగదు. దానికి అందేది కింద చిన్న అక్షరాలలో ఉన్న 5 వోల్టులు, 2 ఆంపియర్లే.

కొలవవలసిన చోటు అడాప్టర్ చివర కాదు, బోర్డు మీద. బోర్డు అంచున రెండు వరుసలుగా ఉన్న పిన్నులలో 2వది 5 వోల్టులది, 6వది గ్రౌండు. మీటరు మొనలు ఈ రెండింటికీ ఆనించి, బోర్డు బాగా పని చేస్తున్న సమయంలో అంకె చూడాలి. చెయ్యి నిలకడగా ఉండాలి, ఎందుకంటే 2వ పిన్నుకు ఆనుకొనే ఉన్న 1వ పిన్ను 3.3 వోల్టులది, మొన జారి ఆ రెండింటినీ కలిపితే బోర్డు పనికి రాకుండా పోతుంది.

ఫోన్ ఛార్జర్, దానితో వచ్చిన సన్నని వైరు పెట్టి, పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన హార్డ్ డిస్కును తగిలిస్తే అంకె 4.58కి పడిపోయింది. 4.63 వోల్టులకన్నా తగ్గితే ఈ బోర్డు దాన్ని తక్కువ వోల్టేజీగా లెక్కగట్టి ప్రాసెసర్ వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కమాండ్ వరుసలో పరిస్థితి అడిగితే 50005 అనే అంకెలతో జవాబు వచ్చింది: చివరి 5 అంటే ఇప్పుడే వోల్టేజీ తక్కువగా ఉండి వేగం తగ్గిందని, మొదటి 5 అంటే బోర్డు వెలిగినప్పటి నుంచి ఎప్పుడో ఒకసారి అలా జరిగిందని అర్థం. లోపం ఛార్జర్‌లో కంటే వైరులో ఎక్కువ. వైరు నిరోధం 0.3 ఓములు ఉందనుకుంటే, 1.5 ఆంపియర్లు ప్రవహించేటప్పుడు 0.45 వోల్టులు దారిలోనే ఖర్చైపోతాయి. రాస్ప్‌బెర్రీ వారి అడాప్టర్ 5 వోల్టులకు బదులు 5.1 ఇవ్వడానికి, దాని వైరు మందంగా, విడదీయరాకుండా ఉండడానికి కారణం ఇదే. ఆ అడాప్టర్ పెట్టాక అంకె 5.04 దగ్గర నిలబడింది.

తిరిగే హార్డ్ డిస్కును కూడా పక్కన పెట్టేశాను. అది తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాదాపు 1 ఆంపియర్ లాగుతుంది. బోర్డులోని నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి ఇవ్వగలిగేది 1.2 ఆంపియర్లు మాత్రమే. దాని స్థానంలో, తిరిగే భాగాలు లేని 480 జీబీ ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ పెట్టెలో అమర్చాను. బోర్డును టీవీ వెనకనున్న యూఎస్‌బీ పోర్టు నుంచే వెలిగిస్తే తీగలు తగ్గుతాయని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. ఆ పోర్టు పెన్‌డ్రైవ్ కోసం ఇచ్చినది, సాధారణంగా అర ఆంపియర్‌కు మించి ఇవ్వదు.

ఏప్రిల్ 19, శనివారం

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా సులువైన పని. ఒకప్పుడు ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్ అని పిలువబడి, 2014లో పేరు మార్చుకున్న కోడీ అనే ప్లేయర్‌ను మాత్రమే నడపడానికి తయారైన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ లిబ్రెఎలెక్. కార్డు మీదికి సిస్టమ్ రాసే రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్‌లో మీడియా ప్లేయర్ల వరుసలో అది దొరుకుతుంది. కార్డు మీదికి రాసి, బోర్డులో పెట్టి, మొదటిసారి వెలిగించగానే మిగిలిన ఖాళీని తానే సర్దుకుంటుంది. వైఫై పాస్‌వర్డ్ ఇచ్చి, లాప్‌టాప్ నుంచి ఫైళ్లు పంపడానికి సాంబాను, కమాండ్ల కోసం ఎస్‌ఎస్‌హెచ్‌ను ఆన్ చేశాను.

మామూలు డెస్క్‌టాప్ సిస్టమ్ వేసి దాని మీద కోడీ పెట్టుకోవచ్చు గదా అన్నదానికి నా సమాధానం కరెంటే. మా వీధిలో కరెంటు చెప్పి పోదు. లిబ్రెఎలెక్‌లో అసలు సిస్టమ్ అంతా ముద్ర వేసినట్టుగా ఒకే ఫైలులో, చదవడానికి మాత్రమే వీలుగా ఉంటుంది. మారే సమాచారం వేరే భాగంలో ఉంటుంది. కరెంటు అర్ధాంతరంగా పోయినప్పుడు దెబ్బతినే అవకాశం ఆ రెండో భాగానికే ఎక్కువ, అది బాగు చేసుకోగలిగినది. ఇదే ఆలోచనతో ఎస్‌ఎస్‌డీని ఎక్స్‌ఫ్యాట్‌లో కాకుండా, రాతల జమాఖర్చు విడిగా రాసుకునే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేశాను. విండోస్ దాన్ని నేరుగా చదవలేదన్న మాట నిజమే. ఫైళ్లు ఎలాగూ సాంబా ద్వారానే వెళ్తాయి కాబట్టి ఆ ఇబ్బంది మాకు ఎదురు కాలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

డీవీడీల పని మొదలైంది. స్టూడియోవారు చేసిన డిస్కులు కాబట్టి వాటికి తాళాలేమీ లేవు. ఒక్కో డిస్కులో వీడియో 1 జీబీ చొప్పున ముక్కలైన ఫైళ్లుగా ఉంటుంది. ఆ ముక్కలను విడివిడిగా కోడీకి ఇస్తే, తాళి కట్టే సమయానికి సరిగ్గా ఒక ముక్క ముగిసి తెర నల్లబడవచ్చు. అందుకని మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కో డిస్కును ఒక్కో ఎంకేవీ ఫైలుగా చేర్చాను. ఇందులో బొమ్మను మళ్లీ కుదించడం ఉండదు. ఉన్నది ఉన్నట్టుగా కొత్త పెట్టెలోకి మారుతుంది.

ఫైళ్లను హెచ్‌ఈవీసీలోకి మార్చి సగానికి సగం చోటు మిగుల్చుకోవచ్చు. నేను ఆ పని చేయలేదు, చేయవద్దనే నా సలహా. వీహెచ్‌ఎస్ టేపులో అడ్డంగా దొరికే స్పష్టత దాదాపు 240 గీతలంత. మిగిలినదంతా టేపు గరగర. మళ్లీ కుదించే సాఫ్ట్‌వేర్‌కు గరగర ఏదో, పెళ్లికూతురు చీర అంచు ఏదో తెలియదు, రెండింటినీ కలిపి చదును చేస్తుంది. డిస్కుకు 4.7 జీబీ మించదు. 480 జీబీలో మా కట్ట అంతా పట్టి ఇంకా చోటు మిగిలింది.

జాతర డిస్కు మీద గీతలు పడి, లాప్‌టాప్ డ్రైవు మధ్యలో మూలిగి ఆగిపోతోంది. దాన్ని, పాడైన డిస్కుల నుంచి సమాచారం రాబట్టే డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాను. అది ముందు బాగున్న చోట్లన్నీ చదివేసి, మొండికేసిన చోట్లను ఒక పటంలో గుర్తు పెట్టుకొని, తరువాత వాటి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తుంది. మధ్యలో ఆపినా ఆ పటం ఆధారంగా ఆగిన చోటి నుంచే సాగుతుంది. డిస్కును సబ్బు నీటితో కడిగి, మెత్తని బట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడిచి, అదే పటంతో ఇంకో కంప్యూటర్ డ్రైవులో పెడితే మిగిలిన వాటిలో చాలా భాగం వచ్చింది. గుండ్రంగా తుడవకూడదు: అలా పడిన గీత చదివే దారి వెంటే పడి పెద్ద ముక్కను మింగేస్తుంది, అడ్డంగా పడిన గీతను డ్రైవు దిద్దుబాటు లెక్కలతో దాటగలదు. చివరికి అగ్నిగుండాల దగ్గర కొద్ది క్షణాలు గళ్లుగళ్లుగా మిగిలాయి. అంతకు మించి రాబట్టడం నా చేతిలో లేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఈ వారం తేలిన విషయాలు ఈ డైరీలో అన్నిటికన్నా వివరంగా రాయవలసినవి, ఎందుకంటే బోర్డు మీద పాత వీడియోలు ఆడించేవారిలో చాలామంది ఇక్కడే ‘ఈ బోర్డుకు శక్తి చాలదు’ అన్న నిర్ణయానికి వచ్చేస్తారు.

బతుకమ్మ వీడియో పెట్టాను. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ వంగి చప్పట్లు కొట్టే దృశ్యం. దగ్గరికి వెళ్లి చూస్తే, కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలాగా గీతలు గీతలుగా విడిపోతున్నాయి. వెనక నిలబడిన గోడ మాత్రం నున్నగానే ఉంది. దూరం నుంచి చూస్తే రెండో లోపం కనబడుతుంది: వలయం తిరుగుతున్నప్పుడు మనుషులు ఒక లయలో సాగక, లోపల ఎవరో ఉండి ఉండి ఆపుతున్నట్టు చిన్న చిన్న కుదుపులతో కదులుతున్నారు. ప్రాసెసర్ వాడకం చూస్తే సగం కూడా లేదు. అంటే శక్తి చాలకపోవడం కారణం కాదు.

మొదటి లోపానికి మూలం ఆ కాలపు కెమెరా. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు ఉన్నా, ఒక్కో బొమ్మను రెండు సగాలుగా తీస్తారు: ముందు బేసి గీతలు, సెకనులో 50వ వంతు తరువాత సరి గీతలు. పాత పిక్చర్ ట్యూబు టీవీ కూడా అదే వరుసలో గీతలు వేసేది కాబట్టి తేడా కనిపించేది కాదు. ఇప్పటి తెర మొత్తం బొమ్మను ఒకేసారి చూపుతుంది. ఆ 50వ వంతు సెకనులో చెయ్యి కదిలిన దూరం బేసి గీతలకూ సరి గీతలకూ మధ్య తేడాగా బయటపడుతుంది. గోడ కదలదు, అందుకే దానికి ఏ దోషమూ లేదు. దీనికి మందు డీఇంటర్‌లేసింగ్. వీడియో ఆడుతుండగా కోడీలోని వీడియో సెట్టింగులలో అది ఉంటుంది. అక్కడ రెండు రకాలు ఎదురవుతాయి: రెండు సగాలను కలిపి 25 బొమ్మలుగా చూపేది ఒకటి, ఒక్కో సగాన్ని పూర్తి బొమ్మగా పెంచి సెకనుకు 50 చూపేది ఇంకొకటి. రెండోది ఎంచుకోవాలి. టేపులో 50 కదలికలు నిజంగా ఉన్నప్పుడు వాటిలో సగాన్ని పారేయడంలో అర్థం లేదు; చప్పట్ల వేగం తేడా వెంటనే తెలుస్తుంది.

రెండో లోపం టీవీ తెర వేగానిది. బోర్డు మామూలుగా టీవీకి సెకనుకు 60 సార్లు బొమ్మ పంపుతుంది. 25 బొమ్మలను 60లో సర్దాలంటే ఒక్కో బొమ్మ 2.4 సార్లు కనిపించాలి. అది కుదరదు గనుక కొన్ని రెండుసార్లు, కొన్ని మూడుసార్లు కనిపిస్తాయి. మనిషి నిలబడి మాట్లాడుతున్నప్పుడు ఇది ఎవరి కంటికీ ఆనదు. కెమెరా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నెమ్మదిగా తిరిగినప్పుడు, వలయంగా మనుషులు తిరిగినప్పుడు, తెర కింద పేర్లు జరుగుతున్నప్పుడు మాత్రం దాచడానికి వీలుండదు. కోడీ ప్లేయర్ సెట్టింగులలో, వీడియో మొదలైనప్పుడు తెర వేగాన్ని దానికి తగ్గట్టు మార్చమనే అంశం ఉంది. అది మొదట ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, డిస్‌ప్లే సెట్టింగులను ఎక్స్‌పర్ట్ స్థాయికి మార్చి, టీవీకి పంపదగిన వేగాల జాబితాలో 1080 వరుసలకు 24, 50, 60లను గుర్తించాను. ఇప్పుడు బతుకమ్మ వీడియో పెట్టగానే తెర క్షణకాలం నల్లబడి 50కి మారుతుంది. ఒక్కో సగానికి ఒక్కో తెర వంతు సరిపోతుంది. పాత సినిమాలకు అదే పద్ధతిలో 24 వస్తుంది.

మార్చిన తరువాత అమ్మను పిలిచి ఏమీ చెప్పకుండా చూపించాను. ఆమె వలయంలో తన చెల్లెలిని, పక్కింటి వాళ్లను వెతకడంలో మునిగిపోయింది గాని కుదుపు సంగతి ఎత్తలేదు. కుదుపు లేకపోవడానికి అంతకంటే మంచి పరీక్ష నాకు తోచలేదు.

మే 3, శనివారం

రిమోట్ పని. హెచ్‌డీఎంఐ తీగలో 13వ పిన్ను సీఈసీ అనే సంకేతాల కోసం కేటాయించినది. టీవీ రిమోట్ మీద నొక్కిన బాణం గుర్తు ఆ ఒక్క తీగ మీదుగా బోర్డుకు చేరుతుంది. దీన్ని టీవీ కంపెనీలు తలా ఒక పేరుతో పిలుస్తాయి: సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. టీవీ సెట్టింగులలో ఆ పేరు వెతికి ఆన్ చేయాలి. బోర్డు మీదున్న రెండు మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టులలో కరెంటు పోర్టుకు దగ్గరగా ఉన్నదానిలోనే తీగ పెట్టాలి. చవక తీగలలో కొన్నింటికి లోపల 13వ పిన్ను వైరే ఉండదు. బొమ్మ, శబ్దం బాగా వస్తూ రిమోట్ మాత్రం పని చేయకపోతే ముందు అనుమానించవలసింది తీగనే.

మా టీవీలో అది మొదటి క్షణం నుంచే పని చేసింది. నాలుగు బాణాలు, ఓకే, వెనక్కి. నాయన కాసేపు తిప్పి చూసి, ‘‘గంతేనా? ఇంకేం వత్తద్దు గద?’’ అని నిర్ధారించుకున్నారు.

ఈ రోజు ఉదయం అమ్మ ఇంకో సంగతి చెప్పింది. ‘‘రాత్రి అందరం పన్నంక టీవీ దానంతట అదే ఎలిగింది బిడ్డా. ఏమన్న ఖరాబైందా?’’ ఖరాబు కాలేదు. అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చింది. పై 4కు కరెంటు మీట లేదు, కరెంటు అందగానే లేస్తుంది. లేచిన కోడీ సీఈసీ ద్వారా ‘నేను వచ్చాను’ అని టీవీని కూడా లేపుతుంది. పగటిపూట సౌకర్యం, రాత్రిపూట ఇంటిల్లిపాదికీ నిద్రాభంగం. కోడీలో ఇన్‌పుట్ పరికరాల కింద సీఈసీ అడాప్టర్ సెట్టింగులలో, మొదలైనప్పుడు టీవీని లేపడం, తెరను తన వైపు తిప్పుకోవడం అనే రెండింటినీ ఆపేశాను. అక్కడే ఉన్న మూడో అంశం టీవీ ఆపినప్పుడు బోర్డు ఏం చేయాలన్నది. దాన్ని షట్‌డౌన్‌గా పెడితే, ఒకసారి ఆగిన బోర్డు మళ్లీ లేవాలంటే ఎవరో ఒకరు ప్లగ్గు తీసి పెట్టాలి. అందుకని ఆడుతున్న వీడియోను ఆపడం వరకే పరిమితం చేశాను. బోర్డు రోజంతా వెలిగే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు అది వాడే కరెంటు 3, 4 వాట్లకు మించదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోయినప్పుడు బోర్డు ఎందుకు ఆరిపోతోందన్నది మిగిలింది. ఇన్వర్టర్ వెనక ఈకో, యూపీఎస్ అని రెండు వైపులా జరిగే చిన్న మీట ఉంటుంది. ఈకోలో ఉన్నప్పుడు కరెంటు నుంచి బ్యాటరీకి మార్పు నెమ్మదిగా జరుగుతుంది. ఫ్యానుకు, బల్బుకు అది తెలియదు, చిన్న అడాప్టర్‌కు తెలుస్తుంది. మీటను యూపీఎస్ వైపు జరిపాక మెయిన్ ఆపి చూశాను. వీడియో ఆగలేదు.

మే 11, ఆదివారం

నల్లగొండ మే నెల గురించి కొత్తగా చెప్పనవసరం లేదు. మధ్యాహ్నం మూడింటికి ముందు గదిలోనే 37 డిగ్రీలు ఉంటే, టీవీ కింద గాజు తలుపుల షోకేసులో ఇంకా ఎక్కువ. ఈ బోర్డు ప్రాసెసర్ 80 డిగ్రీలు చేరగానే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి షోకేసు తలుపు మూసి డీవీడీ వీడియో ఆడిస్తే 79 దాకా వెళ్లింది. డీవీడీలలో వీడియోను కుదించిన ఎంపెగ్-2 పద్ధతిని విప్పడానికి పై 4లో హార్డ్‌వేర్ సాయం లేదు, డీఇంటర్‌లేసింగ్‌తో సహా అంతా ప్రాసెసరే చేస్తుంది. అందుకే 4కె హెచ్‌ఈవీసీ కన్నా ముప్ఫయ్యేళ్ల నాటి పెళ్లి వీడియోకే బోర్డు ఎక్కువ వేడెక్కుతుంది. బోర్డును అల్యూమినియం పెట్టెలోకి మార్చి, షోకేసు లోంచి తీసి టీవీ వెనక గోడకు రెండు స్క్రూలతో బిగించాను. అదే వీడియో, అదే మధ్యాహ్నం ఎండ: 64 డిగ్రీలు. ఫ్యాను పెట్టలేదు. ఫ్యాను అంటే దుమ్ము, దుమ్ము అంటే చప్పుడు, ఆ పైన దాన్ని మార్చడానికి నేను రావాలి.

గోడకు బిగించాక వైఫై తెగిపోవడం మొదలైంది. కారణం టీవీ కాదు, ఎస్‌ఎస్‌డీ. యూఎస్‌బీ 3 వేగంతో సమాచారం పారుతున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో చప్పుడు పుడుతుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక పత్రం వెలువరించింది. మా రౌటర్ 2.4 మాత్రమే ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీని నీలం పోర్టు నుంచి నల్ల పోర్టుకు, అంటే యూఎస్‌బీ 2కు మార్చాను. వేగం తగ్గుతుందన్న భయం అక్కర్లేదు: డీవీడీ వీడియోకు సెకనుకు 10 మెగాబిట్లు చాలు, యూఎస్‌బీ 2 లెక్క 480. ఫైళ్లు కాపీ చేసేటప్పుడు మాత్రమే ఆలస్యం.

ఇంకో చిన్న చిక్కు. ఈ బోర్డులో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోయి వచ్చాక సమయం ఇంటర్నెట్ నుంచే తెచ్చుకోవాలి. రౌటర్ లేవడానికి బోర్డు కంటే ఎక్కువసేపు పడుతుంది కాబట్టి, ఆ లోపల తెర మీద ఏదో తప్పు సమయం కనిపించేది. నాయన ఆ గడియారాన్నే చూస్తారు. లిబ్రెఎలెక్ సెట్టింగులలో కోడీ మొదలయ్యే ముందు నెట్‌వర్క్ కోసం ఆగమనే వీలుంది, దానికి 30 సెకన్లు ఇచ్చాను.

మే 18, ఆదివారం

పేర్ల పని. సినిమాల ఫైళ్లకు పేరు, బ్రాకెట్లలో సంవత్సరం పెడితే కోడీ ఇంటర్నెట్ నుంచి పోస్టరు, నటీనటుల వివరాలు తెస్తుంది. సంవత్సరం వదిలేయకూడదు. మాయాబజార్ అని మాత్రమే రాస్తే 1957 నాటిదో, అదే పేరుతో 2006లో వచ్చినదో తేల్చుకోవడం దాని వల్ల కాదు. ఇంటి వీడియోలను ఇంటర్నెట్‌లో వెతకనివ్వకుండా, పక్కనే ఉన్న సమాచారమే చదవమని ఆ ఫోల్డరుకు చెప్పాలి. ఒక్కో వీడియో పక్కన చిన్న ఎన్‌ఎఫ్‌ఓ ఫైలు పెట్టి అందులో పేరు, సంవత్సరం, ఎక్కడ తీసినదీ తెలుగులో రాశాను. పోస్టరుగా ఆ వీడియోలోంచే తీసిన బొమ్మ పెట్టాను. నాయన అక్షరాల కన్నా బొమ్మను చూసే వీడియో వెతుక్కుంటారు కాబట్టి ఎవరి పెళ్లికి వారి ముఖం స్పష్టంగా ఉన్న చోటు ఎంచడానికి చాలాసేపు పట్టింది.

తెలుగు పేర్లు మొదట వరుసగా ఖాళీ చతురస్రాలుగా కనిపించాయి. థీమ్ సెట్టింగులలో ఫాంటును ఏరియల్ ఆధారంగా ఉన్నదానికి మార్చితే అక్షరాలు వచ్చాయి. సబ్‌టైటిల్స్ కోసం విడిగా నోటో సాన్స్ తెలుగు ఫాంటును కోడీ మీడియా ఫోల్డరులోని ఫాంట్ల ఫోల్డరులో వేసి, ప్లేయర్ సెట్టింగులలో ఎంచుకున్నాను. వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చున్నాయా లేదా అని ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ రాసి చూడడం మంచిది. ఆ మూడూ సరిగ్గా వస్తే మిగిలినవి వస్తాయి. మెనూలను తెలుగులోకి మార్చే భాషా ప్యాకేజీ కూడా ఉంది గాని, చాలా చోట్ల ఇంగ్లీషు మాటలే మిగిలిపోయి కలగాపులగంగా ఉంటుంది. మొదటి తెర మీద ఇంటి వీడియోలు, సినిమాలు అన్న రెండు వరుసలు తప్ప వాతావరణం, రేడియో వంటివన్నీ తీసేశాను.

ఓటీటీ చందాల కోసం ఈ పెట్టె మీద ఆధారపడకూడదు. వాటి రక్షణ పద్ధతులు ఇలాంటి బోర్డులకు పూర్తి నాణ్యత ఇవ్వవు. యూట్యూబ్ 1080 వరకు బాగుంటుంది. ఆ పైన అది పంపే వీపీ9, ఏవీ1 అనే వీడియో పద్ధతులకు పై 4లో హార్డ్‌వేర్ లేదు.

మే 25, ఆదివారం

మేనల్లుడు ఫోనుతో తీసిన వీడియోలు చేర్చాను. పిల్లలమర్రి దగ్గర తీసినవి కొన్ని నున్నగా ఆడుతుంటే, అదే ఫోనుతో అదే రోజు తీసిన మరికొన్ని అడుగడుగునా ఆగుతున్నాయి. రెండూ 4కెనే. ఆడుతున్నవి హెచ్‌ఈవీసీ, ఆగుతున్నవి హెచ్.264. మొదటిదానికి బోర్డులో 4కె దాకా హార్డ్‌వేర్ ఉంది, రెండోదానికి 1080 వద్దే ఆగిపోతుంది. ఫోను కెమెరా సెట్టింగులలో వీడియో పద్ధతిని హెచ్‌ఈవీసీకి మార్పించి, పాతవాటిని మాత్రం లాప్‌టాప్‌లో 1080కి కుదించాను. ఇక్కడ కుదించడం వల్ల పోయేదేమీ లేదు, మా టీవీ అంతకు మించి చూపదు; అసలు ఫైళ్లు విడిగా ఉన్నాయి.

ఎస్‌ఎస్‌డీ మొత్తానికి రెండో ప్రతి, పక్కన పెట్టేసిన ఆ పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు మీద తీశాను. లిబ్రెఎలెక్ బ్యాకప్ ఫైలు కూడా అందులోనే ఉంది, కార్డు చెడితే కొత్తదాని మీద రాసి ఆ ఫైలు తిరిగి ఇస్తే సెట్టింగులన్నీ వస్తాయి. ఆ డిస్కు మహబూబ్‌నగర్‌లో అక్క ఇంట్లో ఉంటుంది. వాళ్లింట్లోనూ ఇలాంటిదే పెట్టమని బావ అడుగుతున్నాడు. వాళ్ల టీవీలో సీఈసీ ఏ పేరుతో ఉందో సెట్టింగులలో వెతికి ఫొటో తీసి పంపమన్నాను, అది తేలాకే తీగ కొంటాను.